బండ ఎందుకు పగులుతుంది? బోరులో నీరు ఎక్కడ పడుతుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవితో, కథో రాయడం కంటే మేము చదువుతున్న చదువు గురించి నాలుగు మాటలు రాస్తే పదిమందికి పనికొస్తుందని అనిపించింది. మేము భూగర్భశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి తరం మాదే. ఊరికి వెళ్తే "రాళ్ళ గురించి చదవడానికి అంత ఏముంటుందిరా?" అని అడుగుతుంటారు. నిజానికి మేము రాళ్ళ గురించి ఎంత చదువుతామో, ఆ రాళ్ళలో ఉన్న పగుళ్ళ గురించి అంతే చదువుతాం. మన బోరులో నీరు పడటం, పడకపోవడం, సింగరేణిలో బొగ్గు దొరకడం, భూకంపం రావడం, ఆనకట్ట నిలబడటం, కూలడం, ఇవన్నీ రాయిలోని పగుళ్ళతో ముడిపడిన సంగతులే. అందుకే ఈ వ్యాసం.

రాయి గట్టిదేనా?

"రాయిలా గట్టిగా ఉన్నాడు" అంటాం. రాయి గట్టిదే, కానీ అన్ని విధాలుగా కాదు. ఒక సుద్దముక్క తీసుకోండి. రెండు చివరల నుంచి లోపలికి నొక్కితే అది అంత తేలికగా విరగదు. అదే సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచితే టక్కున విరిగిపోతుంది. ఎందుకు? వంచినప్పుడు ఒక వైపు నొక్కుడు పడుతుంది, రెండో వైపు సాగుతుంది. సాగిన వైపు నుంచే పగులు మొదలవుతుంది.

రాయి గుణం కూడా సరిగ్గా ఇదే. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. మంచి గ్రానైటు రాయి చదరపు సెంటీమీటరుకు వెయ్యి నుంచి రెండు వేల కిలోల బరువును మోస్తుంది. కానీ అదే రాయిని లాగి తెంచాలంటే అందులో సుమారు పదో వంతు బలం చాలు. పాఠ్యపుస్తకాల్లో మొదటిదాన్ని సంపీడన బలమనీ, రెండోదాన్ని తన్యత బలమనీ అంటారు.

ఈ సంగతి మన పూర్వీకులైన శిల్పులకు బాగా తెలుసు. 1163లో కట్టిన హనుమకొండ వేయిస్తంభాల గుడి చూడండి. స్తంభాలు అంత దగ్గరదగ్గరగా ఎందుకు ఉన్నాయి? అందం కోసమే కాదు. రాతి దూలాన్ని ఎక్కువ దూరం అడ్డంగా వేస్తే తన బరువుకు తానే కొద్దిగా వంగుతుంది. వంగితే దూలం అడుగు భాగం సాగుతుంది. సాగితే బీటలు వారుతుంది. అందుకని దూలానికి కింద వెంటవెంటనే స్తంభం పెట్టారు. ఇప్పుడు మనం స్లాబు వేసేటప్పుడు ఇనుప చువ్వలను అడుగు భాగానే ఎందుకు పరుస్తారో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. కాంక్రీటు కూడా ఒక రకమైన రాయే. అది సాగలేదు కాబట్టి ఆ పనిని ఇనుముకు అప్పగిస్తారు.

చిన్న గాటు చేసే పెద్ద పని

ఇంకో ప్రశ్న. రాయిలోని అణువులు ఒకదానినొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాయో లెక్కవేస్తే, రాయి విరగడానికి కావలసిన బలం మనం పరీక్షల్లో చూసేదానికంటే ఎన్నో రెట్లు ఉండాలి. మరి అంత తక్కువ బలానికే ఎందుకు విరుగుతోంది? దీనికి జవాబు చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన ఎ.ఎ.గ్రిఫిత్ అనే ఇంజనీరు. విమానాల పరిశోధన సంస్థలో పనిచేస్తూ, గాజు ఎలా విరుగుతుందో పరిశీలించి 1921లో తన వ్యాసాన్ని ప్రచురించాడు. ప్రతి వస్తువులోనూ కంటికి కనిపించని సన్నని పగుళ్ళు ముందే ఉంటాయి, బయటి నుంచి వేసిన బలమంతా ఆ పగులు మొన దగ్గర పోగుపడుతుంది అని ఆయన చెప్పాడు. వస్తువంతా విరగనక్కరలేదు. పగులు మొన దగ్గర విరిగితే చాలు, పగులు కొంచెం పెరుగుతుంది. పెరిగిన పగులు మొన దగ్గర ఇంకా ఎక్కువ బలం పోగుపడుతుంది. అలా ఒక దశ దాటాక క్షణంలో మొత్తం చీలిపోతుంది.

ఇది మనకు రోజూ అనుభవంలో ఉన్నదే. బట్టల దుకాణంలో గుడ్డ కొంటే, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి తర్వాత చేతులతో పర్రున చించుతారు. గాటు లేకుండా చించమంటే ఎంత బలవంతుడికైనా కష్టమే. షాంపూ ప్యాకెట్టు అంచున చిన్న గాటు పెట్టి అమ్మేది కూడా అందుకే.

గ్రానైటులో ఇలాంటి గాట్లు కోకొల్లలు. పలుగురాయి, ఫెల్స్పార్, అభ్రకం రేణువులు కలిసి గ్రానైటు అవుతుంది. ఈ రేణువుల అంచులే పగులు మొదలవడానికి దారులు. ఎండకు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వ్యాకోచిస్తాయి. అలా అంచుల దగ్గర సన్నని చీలికలు పుడుతూ ఉంటాయి.

ఇక్కడ మనం గుర్తు చేసుకోవలసినవాళ్ళు బండలు కొట్టే మన వడ్డెర అన్నలు, క్వారీల్లో పనిచేసే మన ఇళ్ళ మగవాళ్ళు, ఆడవాళ్ళు. గ్రిఫిత్ పేరు వాళ్ళకు తెలియదు. కానీ ఆయన చెప్పిన పని వాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు. పెద్ద బండ మీద గీత గీసి, గీత వెంట వరసగా చిన్న చిన్న గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, సమ్మెటతో వరసగా ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ వెళ్తారు. చీల గుంత అంచులను రెండు వైపులకు తోస్తుంది. అంటే రాయిని నొక్కడం లేదు, లాగుతున్నారు. రాయి ఎక్కడ బలహీనమో అక్కడే కొడుతున్నారు. ప్రతి దెబ్బకూ లోపల పగులు కొంచెం కొంచెం పెరుగుతుంది, చివరికి గీత గీసినట్టు బండ రెండుగా విచ్చుకుంటుంది. పూర్వం బండ మీద మంట పెట్టి పెచ్చులు లేపడం కూడా ఇలాంటిదే. పై పొర వేడికి ఉబ్బుతుంది, కింది పొర చల్లగానే ఉంటుంది, మధ్యలో చీలిక వస్తుంది. "రాయికి వాటం ఉంటుంది, వాటం చూసి కొట్టాలి" అని వాళ్ళు అనే మాట మా ప్రయోగశాలలో యంత్రాలతో చూసే సంగతే. రేణువులు, సన్నని చీలికలు ఒక దిశలో అమరి ఉంటే ఆ దిశలో రాయి తేలికగా చీలుతుంది. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు పలకలుగా లేవడానికి కారణం వేరు. అవి నీటి అడుగున పొరపొరగా పేరుకున్న సున్నపురాళ్ళు కాబట్టి ఆ పొరల వెంట విడిపోతాయి.

బీట వేరు, భ్రంశం వేరు

భూమిలో రాయి పగిలినప్పుడు రెండు రకాలుగా ఉండవచ్చు. పగులుకు అటూ ఇటూ ఉన్న రాయి పక్కకు జరగకుండా కేవలం విచ్చుకుని ఊరుకుంటే దాన్ని మనం బీట అనుకుందాం. పుస్తకాల్లో సంధి అని ఉంటుంది. అలాకాకుండా ఒక వైపు రాయి రెండో వైపు రాయి మీద జారి, పైకో, కిందికో, పక్కకో జరిగితే దాన్ని భ్రంశం అంటారు.

రాయిని నొక్కినప్పుడు అది నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా తెగి జారుతుంది. ఆ జారుడును రెండు సంగతులు ఆపుతాయి. ఒకటి రాయి అతుకు బలం, రెండోది రెండు ముఖాల మధ్య ఒరిపిడి. దీన్ని ఫ్రాన్సు దేశపు కూలుంబ్ 1773లోనే చెప్పాడు. విద్యుత్తు పాఠంలో మనం చదువుకునే కూలుంబ్ ఆయనే. తర్వాత 1905లో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త భూమిలో నొక్కుడు ఏ దిశలో ఎక్కువగా ఉంటే ఏ రకం భ్రంశం వస్తుందో వివరించాడు. భూమి సాగే చోట ఒక ముక్క కిందికి దిగుతుంది. నొక్కుకునే చోట ఒక ముక్క రెండోదాని మీదికి ఎక్కుతుంది. పక్కకు నెట్టుకునే చోట రెండు ముక్కలు ఒకదాని పక్క నుంచి ఒకటి జరుగుతాయి. అందువల్ల పాత భ్రంశాన్ని చూసి కోట్ల ఏళ్ళ కిందట అక్కడ భూమి ఏ వైపు నుంచి నొక్కుడుకు గురైందో చెప్పవచ్చు. అంటే పగులు భూమి రాసుకున్న డైరీ లాంటిది.

మన గుట్టలు అలా ఎందుకున్నాయి?

ఎవరూ కొట్టకుండా బండలు ఎలా పగులుతాయి? దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ముఖ్యమైనవి చెప్పుకుందాం.

మొదటిది చల్లారడం. చెరువు ఎండితే అడుగున మట్టి కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది కదా. లావా చల్లారి గట్టిపడినప్పుడు కూడా అలాగే కుంచించుకుంటుంది. నెమ్మదిగా, సమానంగా చల్లారితే ఆ నెర్రెలు పట్టకాల్లాంటి స్తంభాలుగా తయారవుతాయి. కర్ణాటకలో ఉడుపి దగ్గర మల్పే తీరానికి ఎదురుగా ఉన్న సెయింట్ మేరీస్ దీవుల్లో ఇలాంటి రాతి స్తంభాలను చూడవచ్చు.

రెండోది బరువు తగ్గడం. మన తెలంగాణ, రాయలసీమల్లోని గ్రానైటు రాళ్ళు భూమి లోపల కిలోమీటర్ల లోతున పుట్టినవి. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైన ఉన్న రాయి అంతా వానకు, గాలికి కొట్టుకుపోయాక లోపలి బండ బయటపడింది. నెత్తిన ఉన్న బరువు దించితే మనిషి ఎలా లేచి నిలబడతాడో, అలా బండ కూడా పైకి కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు నేలకు సమాంతరంగా ఉల్లిపొరల మాదిరి చీలికలు ఏర్పడతాయి.

మూడోది భూమి లోపలి కదలికలు. నాలుగోది నీరు. వాన నీరు పగులులోకి దిగి రాయిని మెల్లగా మార్చుతుంది. గ్రానైటులోని నల్ల అభ్రకం నీటితో కలిసి మారేటప్పుడు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చుట్టూ ఉన్న రాయి చిట్లుతుంది. ఈ నాలుగో కారణాన్ని గుర్తుంచుకోండి. బోరు దగ్గరికి వచ్చినప్పుడు దీనితోనే పని.

భువనగిరి గుట్ట ఒకే బండలా బోడిగా ఉంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల చాలా గుట్టల మీద మాత్రం గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. తేడా పగుళ్ళలోనే ఉంది. బీటలు చాలా తక్కువగా ఉన్నచోట నీరు లోపలికి దిగలేదు కాబట్టి మొత్తం ఒకే బండగా నిలిచింది. బీటలు అడ్డంగా నిలువుగా ఉన్నచోట నీరు వాటి వెంట దిగి, చదరపు ముక్కల మూలలను అరగదీసి గుండ్లను చేసింది. ఎవరో రాక్షసులు పేర్చారని మన ఊళ్ళలో చెప్పుకునే గుండ్లను పేర్చింది నీరు, పగుళ్ళు కలిసి.

అసలు సంగతి: బోరు

ఇప్పుడు మన బతుకుకు సంబంధించిన మాట. ఈ హాస్టల్లో ఉన్నవాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో బోరు అప్పు లేదు? మా ఇంటికి ఉన్న ఎకరంన్నర భూమిలో రెండు బోర్లు వేశారు. రెండూ దుమ్ము లేచాయి. ఆ అప్పు వడ్డీతో కలిసి తీరడానికి ఆరేళ్ళు పట్టింది. ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్ళల్లో అడిగితే ఎండిపోయిన బోర్ల లెక్క తప్పకుండా వినిపిస్తుంది. కాబట్టి భూమి లోపల నీరు ఎక్కడ ఉంటుందో తెలుసుకోవడం మనకు పరీక్ష కోసం చదివే పాఠం కాదు.

చాలామంది భూమి లోపల నీరు నదిలా పారుతుందని అనుకుంటారు. "జల పడింది", "ఏరు తగిలింది" అంటారు. మన గ్రానైటు ప్రాంతంలో నదులు లేవు. గట్టి గ్రానైటులో నీరు నిలిచే ఖాళీ నూటికి ఒక వంతు కూడా ఉండదు. నీరు ఉండేది రెండే చోట్ల. పైన రాయి చివికి ఏర్పడిన మొరంలో, దాని కింద పగుళ్ళు ఎక్కువగా ఉన్న బండలో.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు శాస్త్రవేత్తలు కలిసి 1999 నుంచి రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఈ విషయాన్ని పరిశోధించారు. బోర్లలోకి పరికరాలు దింపి ఏ లోతున ఎంత నీరు వస్తోందో కొలిచారు. వాళ్ళకు తేలింది ఏమిటంటే, పైన మొరం, దాని కింద పగుళ్ళ బండ, దాని కింద దాదాపు పగుళ్ళు లేని గట్టి బండ ఉంటాయి. అక్కడ పగుళ్ళ బండ సుమారు 100 నుంచి 130 అడుగుల లోతు దాకానే ఉంది. ఆ పగుళ్ళు చాలావరకు అడ్డంగా ఉండి, కిందికి వెళ్ళే కొద్దీ తగ్గుతూ పోతాయి. ఇందాక చెప్పుకున్న నల్ల అభ్రకం ఉబ్బడం వల్ల పుట్టినవే ఇవి. పైనుంచి దిగే వాన నీరే ఈ పగుళ్ళను చేసింది కాబట్టి, నీటి ప్రభావం అందని లోతులో అవి ఉండవు. ఈ లోతులు చోటును బట్టి మారతాయి, కానీ వరస మాత్రం మన గ్రానైటు ప్రాంతమంతటా ఇంచుమించు ఇదే.

మరి 500 అడుగులు, 1000 అడుగులు వేస్తున్నారు కదా, అక్కడ నీరు పడదా? అసలే పడదని కాదు. భూమి కదలికల వల్ల వచ్చిన పెద్ద బీట ఏదైనా తగిలితే పడవచ్చు. కానీ అది అరుదు. అందులోనూ ఒక లెక్క ఉంది. పగులు గుండా పారే నీరు పగులు వెడల్పుకు ఘనంలో మారుతుంది. అంటే పగులు వెడల్పు రెండింతలైతే నీరు ఎనిమిదింతలు వస్తుంది. సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. లోతుకు వెళ్ళే కొద్దీ పైనున్న రాయి బరువుకు పగుళ్ళు మూసుకుంటాయి. కాబట్టి లోతున పగులు దొరికినా నీరు సన్నగానే వస్తుంది. పైగా అంత లోతుకు వాన నీరు చేరడానికి చాలా కాలం పడుతుంది. ఇవాళ తోడితే మళ్ళీ త్వరగా నిండదు.

"పక్క చేనులో రెండించుల నీళ్ళు పడ్డాయి, ఇరవై గజాల దూరంలో మాకు దుమ్మే" అనడం మనం విన్నదే. దీనికీ కారణం పగుళ్ళే. బోరు నిలువుగా దిగుతుంది. అడ్డంగా ఉన్న పగులైతే దానికి తగులుతుంది. నిలువుగా ఉన్న పగులు అడుగు పక్కన ఉన్నా బోరుకు తగలకుండా పోవచ్చు. ఇంకా కొన్నిచోట్ల గ్రానైటును చీల్చుకుని పైకి వచ్చిన నల్లరాతి గోడలు ఉంటాయి. వీటిని డైకులు అంటారు. పగుళ్ళు లేని డైకు భూమి లోపల కట్టిన ఆనకట్టలా నీటిని ఒక వైపే ఆపుతుంది. ఎగువ రైతుకు నీరు, దిగువ రైతుకు దుమ్ము.

కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నడిచేవాళ్ళు, వేపపుల్ల పట్టుకునేవాళ్ళు నీరు చూపిస్తారు కదా అని అడగవచ్చు. ఆలోచించండి. పైన 130 అడుగుల దాకా పగుళ్ళ బండ చాలాచోట్ల విస్తరించి ఉన్నప్పుడు, వానలు బాగా పడిన ఏడు ఎక్కడ వేసినా ఎంతోకొంత నీరు తగులుతుంది. పేరు కొబ్బరికాయకు వస్తుంది. కరువు ఏడు ఆ కొబ్బరికాయే చూపిన చోట దుమ్ము లేస్తే "మీ అదృష్టం" అంటారు. దీనికి బదులు నాలుగు ఇనుప కడ్డీలు నేలలో పాతి, రెండింటి ద్వారా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ కొలిచే సర్వే ఉంది. తడిసిన మొరం, పగిలిన బండ కరెంటును బాగా పంపుతాయి, గట్టి బండ పంపదు. దీనివల్ల ఆ చోట ఎంత లోతు దాకా రాయి చివికి ఉందో తెలుస్తుంది. ఇదీ నూటికి నూరు పాళ్ళు హామీ కాదు. కానీ మొరం, పగుళ్ళ బండ మందంగా ఉన్న చోటును ఎన్నుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో లెక్క చెప్తాం. పగుళ్ళ బండలో నీరు నిలిచే చోటు నూటికి ఒకటి రెండు వంతులే. అంటే పది అడుగుల మందం బండలో ఉండే నీరు సుమారు రెండు అంగుళాలు మాత్రమే. ఒక అంగుళం వాన నీరు నిజంగా లోపలికి ఇంకితే నీటిమట్టం ఐదారు అడుగులు లేస్తుంది. అలాగే చేనుకు ఒక అంగుళం నీరు తోడితే అంతే దిగుతుంది. మన చెరువులు ఎంత విలువైనవో దీన్నిబట్టి తెలుస్తుంది. చెరువులో నీరు నిలిస్తే కొంత కిందికి దిగి మొరాన్ని నింపుతుంది. మొరం నీటిని దాచే గాదె, పగులు దాన్ని బోరుకు చేర్చే దారి. గాదె ఖాళీ అయ్యాక దారిని ఎంత తవ్వినా ఏం లాభం?

లోతు నీటితో మరో చిక్కు కూడా ఉంది. నీరు రాయిలో ఎక్కువ కాలం నిలిచే కొద్దీ రాయిలోని లవణాలను కరిగించుకుంటుంది. నల్లగొండ ప్రాంతపు గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు పాడవుతాయి, ఎముకలు వంకర పోతాయి. మర్రిగూడ వంటి మండలాల్లో తరాలు అలా వంగిపోయాయి.

బోరు వేసే ముందు

మన ఇళ్ళలో బోరు మాట వచ్చినప్పుడు చదువుకున్న పిల్లలుగా మనం చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి.

1. చుట్టూ ఉన్న బోర్ల లెక్క రాయండి. ఎన్ని అడుగులు వేశారు, ఎన్నో అడుగున నీరు తగిలింది, వేసవిలో ఉంటోందా అని అడగండి. నీరు తగిలిన లోతులన్నీ రాస్తే మీ ఊరి పగుళ్ళ బండ ఎంత లోతు దాకా ఉందో మీకే తెలుస్తుంది.

2. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ఇంట్లో కూర్చుని ముందే నిర్ణయించుకోండి. రిగ్గు తిరుగుతున్నప్పుడు "ఇంకో యాభై అడుగులు" అనే మాటకు అడ్డు చెప్పడం కష్టం. లోతు పెరిగే కొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది.

3. బయటికి వచ్చే రాతి పొడిని, ముక్కలను చూడండి. ముక్కల మీద తుప్పు రంగు మరకలుంటే నీరు నడిచిన పగులు తగిలిందని గుర్తు. బూడిద రంగు పొడి ఒకటే వస్తుంటే పగుళ్ళు లేని బండలోకి వెళ్ళారని అర్థం.

4. జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయాన్ని సంప్రదించండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి తీసుకోవాలి. ఇది అడ్డంకిలా కనిపించవచ్చు. కానీ బోరు పక్కన బోరు వేస్తే రెండూ ఒకే పగులు నీటిని పంచుకుంటాయి.

భ్రంశం ఇచ్చిన బొగ్గు, తెచ్చిన భూకంపం

గోదావరి లోయ ఒక పెద్ద పగులు కథ. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ భూమి సాగి, రెండు వైపులా భ్రంశాలు ఏర్పడి, మధ్య ముక్క కిందికి దిగింది. ఆ పల్లంలో ఇసుక, మట్టి, అడవుల శిథిలాలు పేరుకుని బొగ్గు పొరలయ్యాయి. కిందికి దిగిన ముక్కలో ఉండటం వల్లనే అవి కొట్టుకుపోకుండా మిగిలాయి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించాడు. నేటి సింగరేణికి అదే మొదలు. ఎన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలిగిందో ఆ భ్రంశం వల్ల!

అయితే పాత పగులు పూర్తిగా నిద్రపోదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల తెలిసింది. భూకంపం అంటే ఏమీ లేదు, ఒరిపిడితో ఆగి ఉన్న పగులు ముఖాలు ఒక్కసారిగా జారడమే. దక్కను పీఠభూమికి భూకంపాలు రావని ధైర్యంగా ఉన్న రోజుల్లో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతతో భూమి కంపించి దాదాపు 10 వేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలాయి. భూమి కంటే ఎక్కువగా గోడలే చంపాయి. పేదవాడి ఇల్లు ఎలా కట్టాలన్నది కూడా ఈ శాస్త్రంలో భాగమే.

నీరు, పగులు కలిస్తే ఏమవుతుందో కొయనా నేర్పింది. 1960ల మొదట్లో అక్కడ జలాశయం నింపాక చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో పెద్ద భూకంపం వచ్చి 180 మంది దాకా మరణించారు. జలాశయం నీరు పగుళ్ళలోకి దిగి ఒత్తిడి పెంచితే, రెండు ముఖాలను పట్టి ఉంచే ఒరిపిడి తగ్గుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న భ్రంశం జారుతుంది.

ఆనకట్టల పునాది విషయంలోనూ ఇంతే. ఫ్రాన్సులో మాల్పాసే ఆనకట్ట 1959 డిసెంబరు 2 రాత్రి తెగి 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటులో లోపం లేదు. ఎడమ వైపు ఆనుకున్న కొండలో పగుళ్ళు, భ్రంశం ఉన్నాయి. వాటిలో చేరిన నీటి ఒత్తిడి రాతి ముక్కను కదిలించింది. అప్పటి నుంచి పునాది రాయిలోని పగుళ్ళను కొలవడం, వాటిని సిమెంటు పాలతో నింపడం, నీరు బయటికి పోయేందుకు రంధ్రాలు వేయడం ఎంత అవసరమో ప్రపంచం గ్రహించింది.

గని లోపల, క్వారీ పైన

బంగారం కూడా పగుళ్ళలోనే దొరుకుతుంది. భూమి లోతున వేడి నీరు పగుళ్ళ వెంట పైకి వస్తూ, పలుగురాయిని, దానితోపాటు బంగారాన్ని అక్కడ వదిలేస్తుంది. చిత్తూరు సరిహద్దుకు ఆవల ఉన్న కోలారు గనుల్లో ఆ పలుగురాతి తీగల వెంట 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అంత లోతున రాయి మీద నొక్కుడు ఎంత ఉంటుందంటే, తవ్వి ఖాళీ చేసిన చోట గోడ తుపాకీ పేలినట్టు పగిలి ముక్కలు ఎగిరేవి. ఎందరో కార్మికులు అలా ప్రాణాలు కోల్పోయారు. ఆ గనులను 2001లో మూసేశారు.

క్వారీల్లో, క్రషర్లలో పనిచేసే మనవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. రాయి పగిలిన ప్రతిసారీ కంటికి కనిపించని పలుగురాతి దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. క్షయ అనుకుని ఏళ్ళ తరబడి మందులు మింగేవాళ్ళు మన బంధువుల్లోనే ఉండవచ్చు. నీళ్ళు చల్లుతూ డ్రిల్లింగు చేయడం, సరైన మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత. ఈ సంగతి ఇంటికి వెళ్ళినప్పుడు తప్పక చెప్పండి.

ఈ చదువు మనది

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సైన్సు అంటే డాక్టరు, ఇంజనీరు చదువులే అనుకోవద్దు. ఇంటర్ సైన్సు గ్రూపు తర్వాత బి.ఎస్సీ.లో భూగర్భశాస్త్రం ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్సీ. ఉంది. ఆ తర్వాత యు.పి.ఎస్.సి. నిర్వహించే జియో సైంటిస్టు పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వేలోనూ, కేంద్ర భూగర్భ జల మండలిలోనూ ఉద్యోగాలున్నాయి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి, మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. భయపడకండి. బండ, గుండు, మొరం, సున్నపురాయి, పలుగురాయి అని చిన్నప్పటి నుంచి మనకు తెలిసిన వాటికే అక్కడ వేరే పేర్లు ఉంటాయి.

రాయిని కొట్టి బతికినవాళ్ళ పిల్లలు రాయిని చదివితే ఎవరికి మేలు? ఊరి బోర్ల లెక్క రాసి, ఇక్కడ ఆపండి, ఇక్కడ వేయకండి అని చెప్పగలిగిన ఒక్క మనిషి ఊరికొకరు ఉంటే, ఎన్ని ఇళ్ళ అప్పు మిగులుతుందో మీరే లెక్కవేయండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని మీ ఊళ్ళో పది బోర్ల వివరాలు రాసుకుని రండి. సందేహాలుంటే మేము సెలవుల్లో హాస్టలుకు వస్తూనే ఉంటాం, అడగండి. మాకు తెలిసింది చెప్తాం, తెలియనిది మా సార్లను అడిగి చెప్తాం.